సముద్రం ఉండని లోకం

చేపలమ్మే కూర్మమ్మ బుట్ట ఖాళీ కాగానే శ్రీకాకుళంలోని బైబిళ్ల షాపుకొస్తుంది. వ్యాఖ్యానాలున్న స్టడీ బైబిళ్లు ఒక్కొక్కటే తీసి, కాగితం వాసన చూసి, నేరుగా చివరి పేజీలకు పోతుంది. రాబోయే కొత్త లోకంలో సముద్రం ఉండదన్న వాక్యం మీద వేలు ఆనించి, దాని కింది సన్నక్షరాలు కూడబలుక్కుంటుంది. ఇందులో భక్తి పాలు తక్కువే. వేటకెళ్లిన కొడుకు యుగంధర్ తిరిగి రాలేదు, శవమూ ఒడ్డుకు కొట్టుకురాలేదు.

"ఏటి పిన్నీ, ఏ బైబిల్లోనైనా వాక్యం ఒకటే కదేటి?" అంది షాపులో పనిచేసే రాణి.

"వాక్యం ఒకటేనే. కింద అర్థం రాసినోళ్లే తలో మాటా సెప్తన్నారు. సముద్రమే లేకపోతే మావోడి గతేటి?"

ఆ రోజు ఆమెకు కావలసింది దొరికింది. అక్కడ సముద్రమంటే చెడుకు గుర్తేనట, నిజం నీళ్లు ఎక్కడికీ పోవట. కూర్మమ్మ ముఖం విప్పారింది.

"ఇదే ఇయ్యి. తడిసినా సిరగని కాయితంతో ఉన్నాదేటి?"

"వానల్లేవు కదా పిన్నీ, ఎందుకు తడుస్తాది?"

"మావోడి సేతులు ఆరవే. పాత పుస్తకంలో ఆ వాక్యం సదివిన కాణ్ణించి, సముద్రం పోతే నానెక్కడుండాలమ్మా అని పక్కన కూకుని ఒకటే బెంగ."