టేబుల్ మీద ఒక్క దెబ్బ

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్లు మంట. మా నాయన పోయాక ఎవరో వచ్చి "కలలో కనపడినాడప్పా" అంటే గుమ్మం బయటి నుంచే పంపించేశాను. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

నాయన మదనపల్లె టమోటా మార్కెట్లో లారీ క్లీనర్. లారీ కదలాలంటే ఆయన అరచేత్తో బాడీ మీద కొట్టాలి. రెండు దెబ్బలు కొడితే పోనీ, ఒక్కటి కొడితే ఆపు. నిరుడు ఒక పుంగనూరు డ్రైవరు దెబ్బ కోసం ఆగకుండా బండిని ముందుకు ఉరికించాడు. ముందు నాయన ఉన్నాడు.

"ముందర కనపడలేదప్పా" అన్నాడు వాడు. కనపడకపోతే దిగి చూడొద్దా? ఇంటికొచ్చి కాళ్లు పట్టుకున్నా క్షమించలేదు.

ఆ మంట చల్లారక కంప్యూటర్లో విమానాలు నడిపే సిమ్యులేటర్ ఆట పట్టుకున్నాను. చేతులకు స్టిక్కూ ఇంజను మీటా, కాళ్ల కిందికి బ్రేకు పెడళ్లూ కొని పెట్టుకున్నాను. పాతకాలం యుద్ధవిమానాలు. వాటిని ఎగరేయడం కన్నా నేల మీద నడపడమే పెద్ద తలనొప్పి. తోక నేలకు, ముక్కు ఆకాశానికి. ఎదురుగా ఏముందో కనపడదు. అటూ ఇటూ మెలికలు తిప్పుకుంటూ, పక్క నుంచి తొంగి చూసుకుంటూ పోవాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం మూడోసారి గడ్డిలోకి జారేసరికి చిర్రెత్తుకొచ్చింది. మెలికలూ వద్దు, మట్టీ వద్దని ఇంజను వేగం పెంచి తిన్నగా పోనిచ్చాను.

ఎడమ పక్క టేబుల్ మీద ఒక్క దెబ్బ పడింది. అరచేతి దెబ్బ. గ్లాసులో నీళ్లు కీబోర్డు మీద ఒలికాయి. నా కాళ్లు వాటంతటవే బ్రేకు తొక్కేశాయి. ముక్కు పక్కకు తిప్పి చూస్తే, రెక్క ముందర ఆటలోని బొమ్మ మనిషి ఒకడు జెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

గదిలో నేనొక్కడినే. ఒక చెయ్యి స్టిక్ మీద, ఒక చెయ్యి ఇంజను మీట మీద ఉన్నాయి.

వంటింట్లోంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "యాల అట్ల కొడతాండావు టేబుల్ని? ఏమైంది?"

"ముందర కనపడలేదు" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

టేబుల్ మీద స్పీకర్లు లేవు. వీధిలో బండీ పోలేదు. ఆ దెబ్బ ఎట్లా పడిందో నాకింకా అంతు పట్టలేదు. కానీ కోపం మాత్రం ఉంది, ఈసారి నాయన మీదే. బొమ్మ మనిషి కోసం అంత గట్టిగా కొట్టినవాడివి, నీ మీదికొచ్చిన లారీ మీద ఒక్క దెబ్బ కొట్టలేకపోయావా నాయనా?