వేడి తెలుస్తుంది, బరువు తెలియదు

రాయగడలో బాలింతల ఇళ్ళకు వెళ్ళి పసిపిల్లలకు నీళ్ళు పోయడం నా పని. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డను పిక్కల మీద పడుకోబెట్టి పోస్తాను. పద్దెనిమిదేళ్ళలో ఒక్క బిడ్డ జారలేదు. ఆ రోజు ఒకరింట్లో పక్కన రాజేసిన సాంబ్రాణి పొగ ముఖానికి కొట్టి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నా కాళ్ళు ఎడంగా ఉన్నాయి. బిడ్డ మధ్యలో, తడి గచ్చు మీద ఉంది. కాళ్ళు విడిపోయినట్టు గానీ, బరువు పోయినట్టు గానీ నాకు తెలియనే లేదు.

"ఓలమ్మా! కునుకుతున్నావేటి?" అని ఆ ఇంటి ముసలామె బిడ్డను లాక్కుంది. దెబ్బేమీ తగల్లేదు. ఆ ఏడుపు మాత్రం నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

అప్పటికి కొన్ని నెలలుగా అరికాళ్ళు తిమ్మిరిగా ఉండేవి. దారిలో చెప్పు ఊడిపోతే వెనక వచ్చేవాళ్ళు పిలిచి చెప్పేవారు. వయసులే అనుకున్నాను, నా మొహం! ఆ వారమే కుళాయి దగ్గర ముఖానికి సబ్బు రాసుకుంటూ ముందుకు పడిపోయాను. మున్సిపాలిటీలో నీళ్ళ వాల్వులు తిప్పే మా ఆయన నన్ను కోరాపుట్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టర్ ఒడియా ఆయన, నన్ను పిన్నీ అన్నట్టు మాఉసీ అని పిలిచేవాడు. "మాఉసీ, కళ్ళు మూసి నిలబడు" అన్నాడు. నిలబడ్డాననే అనుకున్నాను. చూస్తే ఆయన చేతుల్లో పడి ఉన్నాను. తర్వాత పడుకోబెట్టి, కళ్ళు మూయించి, నా బొటనవేలు కదుపుతూ "పైకా, కిందికా?" అని అడిగాడు. సగం తప్పు చెప్పాను.

"జాయింట్ పొజిషన్ సెన్స్ పోయింది. కాలు ఎక్కడుందో కాలు చెప్పడం మానేసింది. ఇన్నాళ్ళూ నీ కళ్ళే చూసి చెప్తున్నాయి" అన్నాడు. ఎంఆర్ఐ తీశారు, రక్తం తీశారు. విటమిన్ బి12 బాగా తక్కువ. "మాంసం, గుడ్డు, పాలు తీసుకుంటావా?"

తీసుకోను. మా అమ్మాయి రేవతికి పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండలేదని, బిడ్డ పుట్టేదాకా నీసూ పాలూ ముట్టనని అమ్మవారికి మొక్కుకున్నాను. ఆరేళ్ళయింది. ఇప్పుడు రేవతికి ఐదో నెల.

"బిడ్డ పుట్టేదాకా తిననండి బాబూ" అన్నాను.

"సరే, తినకు. సూది నీ మొక్కుకు అడ్డు కాదు. కానీ ఒక్కటీ మానకు. ఆలస్యమైతే నరం పూర్తిగా తిరిగి రాదు."

ఐదు సూదులయ్యాయి. ఆరో దానికి వరసలో కూర్చుంటే పక్కామె, "ఈ మందు కార్జంతో సేస్తారట" అంది. కార్జమంటే నీసే కదా! అలాగే లేచి వచ్చేసి, "సూదులైపోయేయి" అని ఇంట్లో అబద్ధమాడాను. నా మొక్కు చెడితే ఆ కడుపులో బిడ్డకేమవుతుందోనని భయం. నాలుగు నెలలు కాళ్ళను చూసుకుంటూ నడిచాను. సాయంత్రం కరెంటు పోతే ఉన్నచోటే కూలబడేదాన్ని. చీకట్లో నావి కాని కాళ్ళేవో నాతో పాటు ఇంట్లో ఉన్నట్టుండేది.

రేవతి రామనగుడ నుంచి పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. గోడ పట్టుకుని నడుస్తున్న నన్ను రేవతి నిలదీసింది. చెప్పేశాను.

"మొక్కమని నేనడిగేనేటే అమ్మా? ఇప్పుడు దీనికి నీళ్ళెవులు పోస్తారు?" అని ఏడ్చింది.

ఊరి పిల్లలందరికీ పోశాను. నా మనవరాలికి వేరొకామెను పిలిచాం. నేను గుమ్మంలో కూర్చుని చూశాను.

మర్నాడే మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాం. "కార్జంతో ఇప్పుడెవరూ చేయరు మాఉసీ. నన్ను అడగాల్సింది" అన్నాడు డాక్టర్. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మనవరాలికి ఏడో నెల. సూదులతో, ఫిజియోథెరపీతో పగటిపూట కర్ర లేకుండా నడుస్తున్నాను. పరాయి పిల్లలకు పోయడం మానేశాను. రేవతి వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని నా మడమలు రెండూ దగ్గరగా పట్టుకుంటుంది, పిల్లను నా కాళ్ళ మీద పడుకోబెడతాం. సాంబ్రాణి ముట్టించం.

ముఖం కడుక్కుంటూ తూలితే వయసని వదిలేయకండి, బి12 పరీక్ష అడగండి. మొక్కులుంటే డాక్టర్‌కు చెప్పండి. మందు మీద అనుమానం వస్తే పక్కవాళ్ళను కాదు, ఆయన్నే అడగండి.

మొన్న పిల్లకు పోస్తుంటే సబ్బు నురగ నా కంట్లో పడి రెప్పలు మూతపడ్డాయి. కాళ్ళ మీద నీళ్ళ వేడి తెలుస్తోంది. బిడ్డ బరువు తెలియడం లేదు.

"అమ్మీ, ఉందా?" అని అరిచాను.

"ఉందే అమ్మా, పట్టుకునే ఉన్నాను. కళ్ళు తెరువు" అంది రేవతి.