రెండు స్క్రూల నడుమ బొట్టు

మూడేళ్ల కిందట, ఆయుధపూజ మరునాడు, చింతామణిలోని మా రిపేరు అంగడికి నారాయణమ్మ పరుగున వచ్చింది. అప్పుడే గుడ్డు నుంచి వచ్చిన పట్టుపురుగు పిల్లలను వెచ్చగా పెంచే చాకీ గది ఆమెది. సొంతంగా పెట్టుకున్న మొదటి మేపు.

"అక్కా, హీటరు నడిపే కంట్రోలు పెట్టె నలభై ఒక్క డిగ్రీలు చూపిస్తాండాది. గదిలోనేమో చలి. హీటరు ఆన్ కాలేదు, పురుగులు ఆకు ముట్టలేదు."

"ఎవరికన్నా చూపించినావా?"

"మెకానిక్కు చూసినాడు. బోర్డు పోయిండాది, బెంగళూరు నుంచి వచ్చేకి రెండు దినాలైతాది అన్యాడు. అంతవరకూ ఇవి బతుకుతాయా అక్కా?"

వెంటనే ఆమెతో వెళ్లాను. గోడకున్న గాజు థర్మామీటరు ఇరవై అయిదు చూపుతోంది. కావలసింది ఇరవై ఎనిమిది. సాయంత్రానికి చలి ఇంకా పెరుగుతుంది. స్వామిని తలుచుకుని మల్టీమీటరు తీశాను.

ఆ పెట్టెలో పన్నెండు వోల్టుల నుంచి కరెంటు ఒక రెసిస్టర్ గుండా ఒక కూడలికి వస్తుంది. వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే థర్మిస్టర్ గుండా అక్కడి నుంచి గ్రౌండుకు పోతుంది. ఆ కూడలినే నోడ్ అంటాం. నోడ్‌కు వచ్చే కరెంటు, పోయే కరెంటు సమానంగా ఉండాలి. ఆ లెక్క కట్టి చూడడమే నోడల్ అనాలిసిస్. నేను కాలేజీ గడప తొక్కలేదు. డిప్లొమా చదివి మా ఇంటికి కోడలుగా వచ్చిన శారద వదిన, రాగిముద్ద ఉడికేలోపల వంటింటి నేల మీద బొగ్గుతో గీసి నాకిది నేర్పింది.

నోడ్ దగ్గర నాలుగు వోల్టులు. రెసిస్టర్ పదివేల ఓములు. మిగిలిన ఎనిమిది వోల్టులకు దాని గుండా వచ్చేది 0.8 మిల్లీ ఆంపియర్. థర్మిస్టర్ విప్పి కొలిస్తే అదీ పదివేలే, ఇరవై అయిదు డిగ్రీలకు సరిగ్గా ఉండాల్సినంత. దాని గుండా పోయేది 0.4. మిగతా సగం ఎటు పోతోంది?

"ఏమి రాస్తాండావక్కా, జాతకమా?"

"పెట్టె జాతకమే. కరెంటు పోయేకి ఎవరో ఇంకో దోవ పెట్టినారు."

మళ్లీ లెక్క వేశాను. అదే జవాబు. అప్పుడు ఆ నోడ్ వైర్లు బిగించిన చోటికే టార్చి పట్టాను. రెండు స్క్రూల నడుమ పసుపు, సున్నం కలిపిన ముద్ద. చాకీ గది తేమకు ఇంకా ఆరలేదు. ఆ తడి గుండా కూడా కరెంటు పోతుంటే, పెట్టె దాన్ని వేడి అనుకుంటోంది. వచ్చినప్పటి నుంచీ అది నా కళ్లెదుటే ఉంది. ఆ వారం బొట్టు లేని యంత్రం ఎక్కడుంది? నా మల్టీమీటరుకూ నేనే పెట్టాను.

"ఇక్కడెందుకు పెడితివమ్మా?"

"ఆ రెండు స్క్రూలూ కండ్ల మాదిరి కనపడె. నడిమిట్ల బొట్టు పెడితే లచ్చనంగా ఉంటాదని..." గొంతు తగ్గింది. "తుడిస్తే దేవునికి కోపం రాదా?"

"మూత మీద పెట్టుకో. స్వామికి యాడ పెట్టినా ఒకటే. కరెంటుకు అట్ల కాదు."

స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాను. అంకె ఇరవై అయిదుకు దిగింది. టిక్కుమంది, హీటరు ఎర్రబడింది. సాయంత్రానికి పురుగులు ఆకు అంచులు కొరకడం మొదలుపెట్టాయి. నారాయణమ్మ తట్ట పక్కనే కూర్చుని వాటినే చూస్తూ ఉండిపోయింది.

రోజూ దండం పెట్టుకునే వస్తువును మన కన్ను పరీక్షించదని ఆనాడు తెలిసింది. అందుకే ఇప్పటికీ ముందు లెక్క వేస్తాను, ఆ తరువాతే చూస్తాను. ఆ సంగతి విని నన్ను మెచ్చుకున్నవాళ్లు చాలామంది. గర్వపడ్డాను, ఎందుకు దాచాలి? కానీ ఆ విద్య వంటింట్లో నాకు దొరికిన భిక్ష. మీరు ఈసారి స్విచ్ వేసినప్పుడు, బొగ్గు మసి చేతులతో నాకీ లెక్క నేర్పిన మా శారద వదినను ఒక్కసారి తలుచుకోండి.