విరగాల్సిన బోల్టు

ఇరవై మూడేళ్ళ వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియనివన్నీ ఆ తర్వాతే ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. అవి తొంభైల చివరి సంవత్సరాలు. పగలంతా పలాసలో మా మావయ్య ఇంజన్ల షెడ్డులో పంపుసెట్లు విప్పేవాణ్ణి. సాయంత్రం కాశీబుగ్గ లైబ్రరీ వరండాలో ఏడుగురు హేతువాదులం కూర్చుని దేవుణ్ణి విప్పేవాళ్ళం. పంపుసెట్లను తిరిగి బిగించి ఇవ్వాల్సి వచ్చేది. రెండో పనిలో ఆ ఇబ్బంది లేదు. మా ఏడుగురిలో గొంతు పెద్దది నాదే కాబట్టి వాదన కూడా నాదే పెద్దదని నమ్మేవాణ్ణి. మావయ్యకు నాతో పెద్ద తగువేమీ లేదు, ఒక్క నిమ్మకాయ విషయంలో తప్ప. మరమ్మతు పూర్తయిన ప్రతి ఇంజనుకూ ఆయన నిమ్మకాయ కట్టేవాడు, నేను తెంపేసేవాణ్ణి, ఆయన మళ్ళీ కట్టేవాడు. "ఒరే అల్లుడూ, ఆ నిమ్మకాయ నీకేటి అడ్డొచ్చిందిరా? అదేటైనా పెట్రోలు తాగేత్తందా?" అనేవాడు. (దానికి నా దగ్గర నలభై నిమిషాల సమాధానం ఉండేది. ఆయన ఎప్పుడూ మొదటి నిమిషంలోనే టీకి వెళ్ళిపోయేవాడు.)

ఆ ఏడు తుఫాను ఉద్దానం కొబ్బరి తోటల్ని నేలకు పడుకోబెట్టి పోయింది. మా షెడ్డుకు రెండు వీధుల అవతల ఉన్న బాప్టిస్టు చర్చికి, ఎక్కడో చలిదేశంలోని ఒక సంఘం వారు సాయంగా సామాను పంపారు. దుప్పట్లు వచ్చాయి, అవి పనికొచ్చాయి. ఉన్ని కోట్లు కూడా వచ్చాయి. వాటిని ఏం చేయాలో తోచక మనవాళ్ళు జీడితోటల్లో దిష్టిబొమ్మలకు తొడిగారు. ఆ సంవత్సరం ఉద్దానంలో అందరికంటే ఖరీదైన బట్టలు కట్టుకున్నవి దిష్టిబొమ్మలే. మూడోది ఒక పెద్ద చెక్కపెట్టె. దాన్ని పాస్టరు గారు ట్రాక్టరు మీద ఎక్కించి తిన్నగా మా షెడ్డుకు తెచ్చారు. ట్రాక్టరు ఏర్పాటు చేసింది జీడి ఫ్యాక్టరీలో తొక్కలు మోసే ఆడవాళ్ళ నాయకురాలు. ఊరంతా ఆమెను మేస్త్రమ్మ అనే పిలిచేది.

పెట్టె బద్దలు కొడితే లోపలినుంచి ఎర్రరంగు యంత్రం బయటపడింది. వెనక మనిషి పట్టుకుని నడవడానికి రెండు పిడులు, కింద రెండు చక్రాలు, పైన పొగగొట్టంలాంటిదే, అటూ ఇటూ తిరిగే గొట్టం, ముందు వెడల్పుగా తెరుచుకున్న నోరు, ఆ నోట్లో మెలి తిరిగిన ఇనుప రెక్కలు. చుట్టూ చేరిన జనంలో ఒకడు చేపలు తరిగే మిషనన్నాడు. ఇంకొకడు కొబ్బరి తురుముకోడానికన్నాడు. "ఎవుడింట్లో పెళ్ళికిరా, అంత తురుము?" అన్నాడు మావయ్య. మేస్త్రమ్మ వంగి దాని నోట్లోకి చూసి, "ఇదేటి బాబూ, పందినోరు నాగుంది," అంది. ఆ పేరు అలాగే స్థిరపడిపోయింది. చివరికి యంత్రంతో వచ్చిన పుస్తకం అట్ట మీద బొమ్మ చూసి నేనే రహస్యం విప్పాను. తెల్లటి మంచులో మునిగిన ఒక ఇల్లు, దాని ముందు ఇదే యంత్రం, ఆ గొట్టంలోంచి పక్కకు ఎగిరి పడుతున్న మంచు. వాకిట్లో పేరుకున్న మంచును ఎత్తిపోసే యంత్రం అని ప్రకటించాను. మావయ్య ఒక్క క్షణం ఆలోచించి, "మంచు ఎత్తిపొయ్యడానికి మిషనేటిరా? ఎండొత్తే అదే పోద్ది కదా!" అన్నాడు.

అందరూ నవ్వారు, పాస్టరు గారు తప్ప. "వాళ్ళు ప్రేమతో పంపారు బాబూ. పారేయలేను. ఉంచుకుని ఏం చేయాలో తెలియదు," అన్నారు. అప్పుడు మేస్త్రమ్మ తన రెండు చేతులూ నా ముందు చాపింది. జీడితొక్కలో ఉండే నూనె చర్మాన్ని తినేస్తుంది. ఏళ్ళ తరబడి ఆ తొక్కల గుట్టను తట్టల్లోకి ఎత్తి లారీల్లో పోసిన ఆ అరచేతులు నల్లగా కమిలి, పొరలు పొరలుగా లేచిపోయి ఉన్నాయి. "మంచు నాకు తెల్దు. ఈ పందినోరు తొక్కలు ఎత్తిపోత్తాదా, సెప్పు. ఎత్తిపోత్తే మా ఆడోలికి సేతులు మిగుల్తాయి," అంది. అంత సూటి ప్రశ్న మా లైబ్రరీ వరండాలో ఎవరూ ఏనాడూ వేయలేదు. ఎత్తిపోస్తుందని చెప్పాను. అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే నేనెందుకవుతాను? "కోత పండుగ నాడు ఆరాధన అయ్యాక ఫ్యాక్టరీ పెరట్లో నడిపి చూపిస్తాను. ప్రార్థన లేకుండా, నిమ్మకాయ లేకుండా, ఒట్టి బుర్రతో. ఆ రోజు నడవకపోతే ఏడాది పాటు ప్రతి ఆదివారం మీ చర్చిలో మొదటి బెంచీ మీద కూర్చుంటాను," అన్నాను పాస్టరు గారితో. ఆయన మెల్లగా నవ్వి, "మొదటి బెంచీ ఎప్పుడూ ఖాళీయే బాబూ," అన్నారు.

ఆ మూడు వారాల పని గురించి ఇప్పుడు చెప్పుకున్నా నా ఛాతీ కాస్త వెడల్పవుతుంది. ట్యాంకు అడుగున మిగిలిన పాత పెట్రోలు జిగురై వార్నిషు వాసన కొట్టింది. కార్బురేటరు విప్పి, మూసుకుపోయిన సన్న రంధ్రాన్ని కరెంటు తీగలోని ఒక్క రాగి పోగుతో పొడిచి తెరిచాను. ఇంజన్లో ఉన్నది చలిదేశపు పలచటి నూనె. మన ఎండకు అది ఆగదని తీసేసి చిక్కటిది పోశాను. ఇంతా చేసి చూస్తే, గాలిని వడపోసే డబ్బా లేదు. దారిలో ఎవరో కొట్టేశారని రెండు రోజులు లోకాన్ని తిట్టుకున్నాను. మూడో రోజు టీ తాగుతుంటే మెరుపులా తట్టింది. మంచు కప్పిన చోట దుమ్ము ఎక్కడిది? దుమ్మే లేనప్పుడు వడపోయడం దేనికి? అక్కడ అక్కర్లేని డబ్బాను వాళ్ళు అసలు పెట్టనే లేదు! మన పలాస దుమ్ములో ఆ ఇంజను వారం కూడా బతకదు. ఒక పాడుబడ్డ మోపెడ్ డబ్బా తెచ్చి, లోపల స్పాంజి ముక్కను నూనెలో తడిపి పెట్టి బిగించాను. తాడు లాగితే నాలుగో లాగుకు ఇంజను అందుకుంది. మావయ్య నిమ్మకాయతో పరుగెత్తుకొచ్చాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

ఒక్క పని మాత్రం చేయలేదు. పుస్తకం చదవలేదు. ఇంగ్లిషు గట్టిది కావడం ఒక కారణం. అసలు కారణం, గ్రంథంలో రాసి ఉంది కదా అని నమ్మే రకాన్ని కాదు నేను. యంత్రంతో పాటు చిన్న పొట్లంలో ఆరు బోల్టులు వచ్చాయి. మెత్తటివి, సన్నటివి, సుత్తితో రెండు దెబ్బలు వేస్తే తెగిపోయేలా ఉన్నాయి. ఇనుప రెక్కల్ని ఇరుసుకు పట్టి ఉంచిన బోల్టు కూడా అలాంటిదే. అంత పెద్ద దేశానికి ఇంత నాసిరకం బోల్టులా అని జాలిపడి పొట్లాన్ని జేబులో వేసుకున్నాను.

కోత పండుగ నాడు గుమ్మడికాయలూ వరికంకులూ అరటి గెలలూ చర్చిలో అర్పించి, సంఘమంతా ఫ్యాక్టరీ పెరట్లోకి వచ్చింది. మా ఏడుగురిలో మిగిలిన ఆరుగురూ వచ్చారు. తాడు లాగి, పందినోటిని తొక్కల గుట్టలోకి తోశాను. నల్లటి తొక్కలు గొట్టంలోంచి విల్లులా వంగి ఎగిరి ట్రాక్టరు తొట్టిలో గలగలా పడ్డాయి. జనం కేకలు పెట్టారు. మేస్త్రమ్మ తట్ట కింద పడేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా జన్మలో అంత గర్వపడ్డ క్షణం లేదు. అది సరిగ్గా ఐదు నిమిషాలు నిలిచింది. గుట్టలో ఒక రాయి అడ్డుపడి 'టక్'మంది. రెక్కలు ఆగిపోయాయి. చూస్తే బోల్టు విరిగింది, అంతే. "నాసి సరుకు!" అని అందరికీ వినిపించేలా ప్రకటించి, పొట్లంలోని బోల్టు తీయకుండా, మావయ్య సంచిలోంచి లారీకి వేసే ఉక్కు బోల్టు తీసి బిగించాను. "ఇక ఇది విరిగితే నన్నడగండి!" అన్నాను.

అది విరగలేదు. పదో నిమిషంలో గుట్ట అడుగున పాత ఇనుప కమ్మీ ముక్క రెక్కల్లో ఇరుక్కుంది. ఉక్కు బోల్టు చెక్కు చెదరకుండా నిలబడింది. విరిగింది దాని వెనకున్న గేరు డబ్బా. లోపలి కంచు గేరు పళ్ళన్నీ రాలి, నల్లటి నూనె నేల మీద కారింది. "నిమ్మకాయ్ కట్టుంటే..." అని మొదలుపెట్టిన మావయ్య నా మొహం చూసి ఆపేశాడు. మేస్త్రమ్మ మాత్రం దగ్గరకొచ్చి, "పోన్లే బాబూ, పది నిమిసాలైనా సూసినాం కదా," అని పడేసిన తట్ట తీసుకుని ఆ చేతులతోనే తొక్కలు ఎత్తడం మొదలుపెట్టింది. పందెం ఓడిపోవడం కన్నా అదే నన్ను ఎక్కువ కాల్చింది.

మరుసటి ఆదివారం మొదటి బెంచీ మీద కూర్చున్నాను. పాట వస్తే లేవలేదు, ప్రార్థన వస్తే కళ్ళు మూయలేదు, ప్రసంగం వస్తే నోటుపుస్తకం తీసి తప్పులు రాసుకున్నాను. (మొదటి నెలలోనే ఒక పుస్తకం నిండింది.) ఆరుగురు మిత్రులూ నన్ను పాస్టరును పిలిచినట్టు 'అయ్యగారూ' అని పిలవసాగారు. ఇంటికొచ్చి, నిఘంటువు పక్కన పెట్టుకుని యంత్రం పుస్తకం చదవడం మొదలుపెట్టాను. పదకొండో పేజీలో లావుపాటి అక్షరాలతో ఉంది. ఆ బోల్టులు విరగడానికే చేసినవట. ఏదైనా అడ్డుపడితే ముందు అవి తెగి, గేరును కాపాడతాయట. వాటి స్థానంలో గట్టి బోల్టు ఎట్టి పరిస్థితిలోనూ వేయరాదట. నిమ్మకాయను నమ్మే మావయ్యకూ, గట్టిదే మంచిదని పరీక్షించకుండా నమ్మిన నాకూ తేడా ఏమిటి? ఆయన నమ్మకం వల్ల ఒక్క గేరూ పగల్లేదు.

అలాంటి గేరు మన దేశంలో దొరకదు. కోటబొమ్మాళి దగ్గర గుడిగంటలు పోతపోసే ముసలాయన ఉంటే వెళ్ళాను. నేను తెచ్చిన ముక్కల్ని ఆయన వేలితో తడిమి, "గంటయితే మోగితే సాలు. పన్నయితే కొరకాల. ఇది నా వల్ల కాదు నాయినా," అన్నాడు. చక్రం పోసిస్తే పళ్ళు నేను కోసుకుంటానన్నాను. పాత గంటల కంచుతో గుండ్రటి దిమ్మె పోసిచ్చాడు. చెక్కతో నమూనా చేసుకుని, ఆకురాయితో ఒక్కో పన్నూ రాసుకుంటూ పోయాను. మొదటి దిమ్మె పాడైంది. రెండోది బిగుసుకుపోయింది. మూడోదానికి ఇరవై పళ్ళూ కుదిరాయి. గుడిగంట కంచుతో, చర్చి యంత్రానికి, నాస్తికుడు కోసిన గేరు. పగిలిన డబ్బాకు అతుకు వేయించి, గేరు కూర్చి, ఈసారి పొట్లంలోని మెత్తటి బోల్టు తీసి బిగించాను. పందినోరు నడిచింది. రాయి తగిలితే బోల్టు టక్కున విరిగేది, కొత్తది వేస్తే మళ్ళీ నడిచేది. దాన్ని నడిపింది మేస్త్రమ్మే. బోల్టులు కొంగున ముడేసుకుని, నా కంటే వేగంగా మార్చేది. పొట్లం అయిపోయాక అలాంటి మెత్తటివే నేను చేసిచ్చేవాణ్ణి. వానాకాలం వచ్చేసరికి ఆమె అరచేతుల మీద కొత్త చర్మం వచ్చింది.

పాస్టరు గారు నన్ను పిలిచి, "యంత్రం నడిచింది కదా బాబూ, ఇక రానక్కర్లేదు," అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ రోజు నడవకపోతే అన్నాను, ఆ రోజు నడవలేదు. దేవుడికి భయపడి కాదు, మాటకు కట్టుబడి వస్తానన్నాను. వచ్చాను కూడా, ఒక్క ఆదివారం తప్పకుండా. చివరి వారం ఆయన నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ఏడాదిగా నింపిన నోటుపుస్తకాలన్నీ సంచిలో ఉన్నాయి. వేదిక ఎక్కాక ఎదురుగా మేస్త్రమ్మా, ఆమె జట్టు ఆడవాళ్ళూ కనిపించారు. పుస్తకాలు తీయబుద్ధి కాలేదు. నాకు నిజంగా తెలిసిన ఒకే ఒక్క సంగతి చెప్పాను.

"యంత్రంలో ఒక చిన్న బోల్టు ఉంటుంది. అందరూ దాన్ని బలహీనమైనదనుకున్నారు. నేను కూడా తృణీకరించాను," అన్నాను.

"ఆమెన్," అన్నారెవరో వెనకనుంచి.

"కానీ అది విరగడానికే వచ్చింది. తాను విరిగి, మిగతా వాటన్నిటినీ కాపాడుతుంది."

"స్తోత్రం!" అంది చర్చి మొత్తం.

"నేను చెప్పేది బోల్టు గురించి!" అని అరిచాను. "ఇది లోహం సంగతి!"

"అల్లెలూయా!" అంది మేస్త్రమ్మ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. పాస్టరు గారు లేచి వచ్చి నా చేయి పట్టుకుని, "ఇరవై ఏళ్ళుగా సిలువ గురించి ఇదే చెబుతున్నాను బాబూ. ఇంత బాగా నాకెప్పుడూ కుదరలేదు," అన్నారు.

నేనప్పుడు ఉడికిపోతూ మెట్లు దిగాను. తర్వాత ఎన్నో వేదికలెక్కాను, ఎన్నో వ్యాసాలు రాశాను. ప్రతిచోటా ఎవరో ఒకరు లేచి ఎదురు వాదించారు, మా ఏడుగురిలోనే నలుగురు ఇప్పటికీ వాదిస్తున్నారు. సభలో ఉన్న అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న నా ఉపన్యాసం మాత్రం అదొక్కటే. వాళ్ళు ఒప్పుకున్నది నేను చెప్పింది కాదన్నది నిజమే. అయినా ఇవాళ మళ్ళీ చెప్పమంటే, అందులో ఒక్క ముక్క మార్చను.