వీపు తిప్పిన డాక్టరు మాటలు

పక్క గదిలో టీవీ నడుస్తోంది. ఏదో హిందీ సీరియల్‌ను తెలుగులోకి మార్చారు. ఆ పని సరిగ్గా కుదరలేదేమో, తెలుగు గొంతు కింద అసలు హిందీ గొంతు సన్నగా వినపడుతోంది. ముందు హిందీ, అర క్షణం ఆలస్యంగా తెలుగు. మనసు జబ్బులకు వైద్యం చేసే ఒక డాక్టరు ఉంటాడు, ఆయన మనసే బాగుండదు, అదీ కథ. మా అమ్మాయి ఆ సీరియల్ చూసినవాళ్ళు రాసిన అభిప్రాయాలను ఫోనులోంచి పైకి చదువుతోంది. ఒకరికి అద్భుతంగా ఉందట, ఒకరికి నిద్రొచ్చిందట. "ఇది విను డాడీ" అంటూ నవ్వుతూ ఇంకొకటి చదివింది. "తన తలే బాగు చేసుకోలేనివాడు ఊరివాళ్ళ తలలేం బాగు చేస్తాడు?" నేను తింటున్న కంచం పక్కకు జరిపాను. దాదాపు ఇవే మాటలు నేను ఒక మనిషి ముఖం మీద అన్నాను. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు దాటాయి. చిన్నతనం అని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు.

ఆ మనిషి రషీద్ సార్. ఎనభైల్లో సిద్దిపేటలో మా పక్క పోర్షన్‌లో కిరాయికి ఉండేవారు. బడిలో హిందీ చెప్పేవారు. పొట్టి మనిషి, ఎడమ భుజం కొంచెం కిందికి జారినట్టు ఉండేది. ఆయన అరుగు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని ఉండేవాళ్ళు. కోడలితో పడని అత్త, ఉద్యోగం పోయిన మొగుడు, పెళ్ళి కుదరని పిల్ల తండ్రి, అందరూ అక్కడికే వచ్చేవాళ్ళు. ఆయన సలహాలు ఇవ్వడం నేను పెద్దగా వినలేదు. వింటూ కూర్చునేవారు, అంతే. లేచి వెళ్ళేటప్పుడు వచ్చినవాళ్ళ నడకలో మాత్రం తేడా కనపడేది.

ఆ అరుగు అవసరం నాకూ పడింది. నేను ఇంటర్ తప్పిన ఏడాది మా బాపు నాతో మాట్లాడటం మానేశాడు. నేను గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాణ్ణి. ఒకరోజు మధ్యాహ్నం రషీద్ సార్ సీతాఫలాలు పట్టుకుని వచ్చి నా మంచం పక్కన కింద కూర్చున్నారు. ఒక పండు విప్పి తినడం మొదలుపెట్టారు. గింజలు దోసిట్లోకి ఊస్తూ తింటున్నారు తప్ప ఒక్క మాట లేదు. చివరికి నాకే ఉండబట్టలేదు.

"నాకు పెడతరేమో అనుకున్న సార్."

"నీకు పెట్టనీకి ఎవలొచ్చిన్రురా? నాకు తినబుద్ధయింది, ఒక్కణ్ణి తినలేక వచ్చిన."

నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. ఆయన అప్పుడు కూడా ఏమీ అనలేదు. చాలా రోజుల తర్వాత, మనిషి ఏడుస్తుంటే ఊరుకోబెట్టాలి కదా, మీరెందుకు ఊరికే కూర్చున్నారని అడిగాను. "ఎదుటోడు ఆగినప్పుడు నువ్వు గుడ ఆగాలె బేటా" అన్నారు. "ఆడ మనం మాట పెట్టినమనుకో, వాని మాట లోపటికే పోతది. మల్ల రాదు." నాకు హిందీ నేర్పింది ఆయనే. పాసయ్యేదాకా రోజూ కూర్చోబెట్టుకుని చెప్పారు. ఆ తరువాత డిగ్రీ, హిందీ పండిట్ శిక్షణ, ఇప్పుడు నేను తింటున్న తిండి, అన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

మా గల్లీలో టీవీ మొదట వచ్చింది కూడా వాళ్ళింటికే. ఆదివారం పొద్దున మనసు డాక్టరు సీరియల్ వచ్చేది. అసలు పేరు వేరే, మా గల్లీ పెట్టుకున్న పేరు అది. బజారు ఉర్దూ మాలో అందరికీ ఎంతోకొంత వచ్చు గానీ, ఆ డాక్టరు మాట్లాడే హిందీ ఎవరికీ అందేది కాదు. అందుకని సార్ టీవీ పక్కన కుర్చీ వేసుకుని, పాత్రలు మాట్లాడుతుండగానే మా తెలుగులో చెప్పేవారు. ఆడవాళ్ళ మాటలైనా మగవాళ్ళ మాటలైనా అదే గొంతు. సీరియల్ అయిపోగానే టీవీ కట్టేసి, దాని మీద చాచీ కుట్టిన పూల గుడ్డ కప్పేవారు. చాచీ అంటే సార్ భార్య. అప్పుడు అసలు సంబరం మొదలయ్యేది.

"ఊఁ, ఇగ చెప్పున్రి" అనేవారు సార్. ఒకరి అభిప్రాయం మీద ఇంకొకరు నవ్వకూడదన్నది అక్కడి కట్టుబాటు. మొదట మాట్లాడాల్సింది నర్సవ్వ. ఆమె బీడీలు చుట్టుకుని బతికే ముసలామె, సీరియల్ చూస్తూ కూడా ఒళ్ళో చాట పెట్టుకుని ఆకు మడుస్తూనే ఉండేది. ఆ తరువాత బస్సు కండక్టర్ రాజయ్య. ఆయనకు ప్రతిదాని మీదా ఒక మాట సిద్ధంగా ఉండేది.

కథలో ఆ డాక్టరు దగ్గరికి వచ్చే రోగి ఒకడు చనిపోతాడు. అప్పటి నుంచి డాక్టరుకు నిద్ర ఉండదు. పగలంతా వేరేవాళ్ళ బాధలు వింటాడు, వాళ్ళు వెళ్ళిపోయాక కిటికీ దగ్గర మనకు వీపు చేసి నిలబడతాడు. ఒక ఆదివారం అలా నిలబడ్డప్పుడు, వెనక సంగీతం తప్ప ఇంకేమీ లేనప్పుడు, సార్ చెప్పడం ఆపలేదు. "వాడు నా తాన్కి వచ్చిండు. ఇయ్యాల తీరిక లేదు, రేపు రా అన్న. వానికి రేపు లేకుండె." గదిలో అందరూ బిగుసుకుపోయి వింటున్నారు. డాక్టరు ముఖం కనపడటం లేదు కాబట్టి ఆ మాటలు ఆయనవేనని అందరూ అనుకున్నారు. ఆ మాటలు సీరియల్‌లో లేవని తెలిసింది నాకొక్కడికే.

ఆ రోజు అభిప్రాయాలు వేడివేడిగా సాగాయి.

"రేపు రమ్మంటె తప్పేంది సార్?" అన్నాడు రాజయ్య. "బస్సు నిండితె నేను గుడ ఎనక బస్సుల రమ్మంట. అందరిని ఎక్కిచ్చుకుంటనా?"

"బస్సు తప్పుడు, బతుకు తప్పుడు ఒక్కటేనారా?" అని గదిమింది నర్సవ్వ. "అయినా గా డాక్టరు పాపం గట్ల నిలవడుతడేంది? ఇంత ఏడిస్తె అయిపాయె."

సార్ ఆమెవైపు వంగారు. "ఆయన ఏడ్వచ్చునా అవ్వా? పెద్ద డాక్టరు గదా."

"ఎందుకేడ్వద్దు? డాక్టరైతె కండ్లుండయా?"

చాచీ వంటింటి గడప దగ్గర నిలబడి వింటోంది. సార్ అవ్వవైపే చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. ఆ తరువాత ప్రతివారం డాక్టరు వీపు తిప్పినప్పుడల్లా ఒకటి రెండు మాటలు పెరిగేవి. వచ్చినవాడు గుమ్మంలో ఎలా నిలబడ్డాడో, చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు ఎలా చూశాడో, ఎవరో మొగుడూపెళ్ళాల తగువు తీరుస్తున్నందువల్ల తాను లోపలికి రమ్మని కూడా ఎలా అనలేదో సార్ చెబుతూ పోయేవారు. నాకు ఆశ్చర్యం పోయి చిరాకు మొదలైంది. నాకు పండిట్ శిక్షణలో సీటు వచ్చి అప్పటికి కొద్ది రోజులే. హిందీ వచ్చినవాణ్ణి నేనూ ఒకణ్ణి ఈ గల్లీలో ఉన్నానని ఎవరికీ తెలియకపోవడం నాకు నచ్చలేదు. నిజం ఇంతే. ఇంకే కారణమూ లేదు.

ఇంకో ఆదివారం డాక్టరు మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. చాచీ గడప దగ్గరికి వచ్చి నిలబడింది, సార్ కుర్చీలో ముందుకు జరిగారు. "గా వచ్చినోడు ఎవలో కాదు. వాడు నా..."

"సార్, గాయన గట్లనలే" అన్నాను నేను. గదంతా వినపడేలా అన్నాను. "అసలు నోరే తెర్వలే. మీరు కల్పిచ్చి చెప్తున్రు."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తరువాత రాజయ్య పగలబడి నవ్వాడు. "ఏంది సార్, ఇన్ని వారాల సంది సీరియల్ మీరే తీస్తున్రా?" ఇంకో ఇద్దరు నవ్వారు. నవ్వకూడదన్న కట్టుబాటు ఆ ఇంట్లో తప్పడం అదే మొదలు. సార్ కూడా నవ్వారు. "పోరడు మంచిగ నేర్చిండు" అన్నారు. లేచి కుర్చీ నావైపు జరిపారు. "ఇగ నువ్వే చెప్పు బేటా." నేను కూర్చున్నాను. కూర్చోకుండా ఉండాల్సిందని ఆ రోజు నాకు తోచనే లేదు. డాక్టరు మాట్లాడినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాను, మాట్లాడనప్పుడు ఊరుకున్నాను. తప్పు ఒక్కటి కూడా లేదు.

రెండు వారాలకు నర్సవ్వ రావడం మానేసింది. ఎందుకని అడిగితే, "గా డాక్టరు మునుపటి లెక్క లేడు బిడ్డా. ఊకె మాట్లాడుతుండు గని లోపటిది చెప్తలేడు" అంది.

ఆ తరువాత ఒక సాయంత్రం సార్ మా గుమ్మం దగ్గరికి వచ్చారు. ఆయన నాకోసం రావడం సీతాఫలాల రోజు తరువాత అదే. చెప్పులు విప్పలేదు. "ఒకటి అడుగుత, మనసుల ఉన్నది చెప్పు" అన్నారు. "గా డాక్టరు మీద నువ్వేమంటవ్?"

నాకు గర్వంగా అనిపించింది. "తన మనసే బాగు చేసుకోలేనోడు మందివి ఏం బాగు చేస్తడు సార్? గాయన గా కుర్చీల కూసునుడే తప్పు."

ఎదుటివాడు ఆగినప్పుడు నువ్వూ ఆగాలని నాకు చెప్పిన మనిషి నా ఎదురుగా ఆగి నిలబడ్డారు. నేను ఆగలేదు. రోగి చనిపోయాక ఆ డాక్టరు దుకాణం కట్టేసుకుని ఎటైనా పోవాల్సిందన్నాను. చచ్చినవాడి ఇంటివాళ్ళకు ఏం ముఖం చూపిస్తాడన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. అంతా విని, "మంచిగ చెప్పినవ్" అని నా భుజం తట్టి వెళ్ళిపోయారు.

టీవీ చెడిపోయిందన్నారు. అరుగు మీదికి వచ్చినవాళ్ళకు చాచీ లోపలి నుంచే, ఆయన పడుకున్నారని చెప్పేది. వేసవి సెలవుల్లో సార్ అడిగి మరీ దూరపు బడికి బదిలీ చేయించుకున్నారు. సామాను ఎక్కించిన రోజు నేను ఊళ్ళో లేను. ఉన్నా వెళ్ళేవాణ్ణేమో తెలియదు. ఆ సరికి ఆయన మీద నాకు కొంచెం చిన్నచూపు కూడా ఏర్పడింది.

నాలుగైదేళ్ళకు ఆయన పోయారని తెలిసింది. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది. చాచీ నంగునూరులో తన తమ్ముడి ఇంట్లో ఉందంటే వెళ్ళాను. ఆమె నన్ను గుర్తుపట్టి మంచం వేసింది. కడపట్లో సార్ బడికి వెళ్ళడం, మనుషులతో మాట్లాడటం మానేశారట. దవాఖానలో డాక్టరు అడిగినా నోరు విప్పలేదట. మాటల మధ్యలో హమీద్ పేరు వచ్చింది. హమీద్ ఎవరని అడిగాను.

"ఆయన తమ్ముడు. ధూళిమిట్టల ఉండె" అంది చాచీ. "మేం మీ గల్లీకి రాకముందటి ముచ్చట. ఒకనాడు అన్నతోటి మాట్లాడాలని వచ్చిండు. ఈయన ఎవలిదో పంచాయితీల ఉండి, రేపు రా అన్నడు. తెల్లారి బావిల తేలిండు. కాలు జారింది అనుకున్నం, అందరికి గట్లనే చెప్పినం. ఈయన మాత్రం మల్ల ఎవలొచ్చినా రేపు రమ్మనలే."

నేను తల ఎత్తలేకపోయాను. ఆమె తనలో తాను చెప్పుకుంటున్నట్టు చెబుతూనే ఉంది. "గా టీవీ పక్కన కుర్చీల ఆఖరుసారి కూసున్న ఆదివారం, పొద్దున నమాజ్ చేసినంక నాతోటి అన్నడు, ఇయ్యాల అందరి ముంగట చెప్పేస్త, నర్సవ్వ ఉంటది గదా, ఆమె ఏమంటదో చూస్త అని. నేను గుడ గడప కాడికొచ్చి నిలవడ్డ."

"చాచీ, నన్ను మాఫ్ చెయ్యాలె" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేనెవలను బేటా మాఫ్ చెయ్యనీకి? చేసెటోడు పోయిండు" అని, చాయ్ పెట్టడానికి లేచింది. ఆ చాయ్ తాగి వచ్చాను.

ఆయన నేర్పిన హిందీతోనే బతికాను. ఆయన నేర్పిన ఇంకో విద్య కూడా నాకు వచ్చిందని జనం అనుకుంటారు. నాతో చెప్పుకుంటే బరువు దిగుతుందని మా బడిలో పేరు. ఎవరైనా వచ్చి చెబుతూ చెబుతూ ఆగితే నేనూ ఆగుతాను. కానీ అలా ఇద్దరం మాట్లాడకుండా ఉన్న ఆ కాసేపట్లో నేను వాళ్ళ ఎదుట ఉండను. సగంలో తెగిన ఒక వాక్యం దగ్గరికి వెళ్ళిపోతాను, ఆ మనిషి దాన్ని పూర్తి చేస్తాడేమోనని చూస్తూ ఉంటాను. ఈలోగా నా ఎదుటివాళ్ళు మళ్ళీ మొదలుపెడతారు.

మొన్న మాతో పనిచేసే ఒక చిన్న వయసు మాస్టారు అలాగే వచ్చి కూర్చున్నాడు. ఇంటి సంగతులేవో చెప్పి మధ్యలో ఆగిపోయాడు. చాలాసేపటికి తల వంచుకుని ఒక మాట అన్నాడు. పెదవులు కదలడం కనపడింది గానీ మాట నాకు వినపడలేదు. ఏమన్నావు నాయనా అని అడిగితే ఇంతసేపూ నేను విననట్టు తెలిసిపోతుంది. సిగ్గుపడి, దేనికో తెలియకుండానే తల ఊపాను. అతను నా ముఖంలోకి ఒకసారి చూశాడు, చాలా థాంక్స్ సార్ అన్నాడు, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.