కొండదొర కోడి, క్రిసాంతో కాపురం

మా సెరష్ ఊళ్ళో మొగుడూ పెళ్ళాల సంగతులు తెలుసుకోవడానికి గోడకు చెవి ఆనించక్కర్లేదు. పిట్టను చూడ్డానికి కొండెక్కిన టూరిస్టులు దిగొచ్చేటప్పుడు వాళ్ళ మొహాలు చూస్తే చాలు.

పిట్ట అంటే కెట్సాల్. పచ్చటి ఒళ్ళు, ఎర్రటి రొమ్ము, మూరెడు తోక. దాని కోసమే జనం సముద్రాలు దాటి కోబన్ పట్నంలో బస్సు దిగి, పికప్పు బండి వెనకాల నిలబడి, ఆపైన పిక్కల దాకా బురదలో నడిచి మా ఊరొస్తారు. అడవిలో ఉన్నవన్నీ మా కొండ దేవుడు కొండదొర పెంపకమే. జింకలు ఆయన పశువులు, కెట్సాల్ ఆయన కోడి. ఒకరి పెరట్లో కోడిని చూడాలంటే ఇంటాయన్ని అడగాలి కదా! అందుకని ముందురోజు ఊరి పెద్ద మాకిన్ తాత ధూపం వేసి, కొవ్వొత్తులు వెలిగించి, కోకో ధారపోసి అనుమతి అడుగుతాడు. జనాన్ని తీసుకెళ్ళే గైడు అంతకుముందు కొన్ని రాత్రులు పెళ్ళాం పక్కకు చేరకూడదు. మొక్కజొన్న నాటే ముందు మా తాతముత్తాతలు పాటించిన నియమమే. టూరిజం కమిటీ పెట్టినప్పుడు తాత దాన్ని పిట్టకు కూడా వర్తింపజేశాడు. పిట్ట కనపడిందా, గైడు నియమంగా ఉన్నట్టు. కనపడలేదా, ఇక ఊరి నోళ్ళకు పండగే.

ఆ పండగకు బలైనవాడు మా పక్కింటి క్రిసాంతో చోక్.

పొట్టి కాళ్ళు, గుండ్రటి పొట్ట, ఎవరో టూరిస్టు వదిలేసి పోయిన ఎర్ర టోపీ. ఏలకులు కోయమంటే నడుం నొప్పి వస్తుంది గానీ, కొండెక్కమంటే మేకపిల్లే. ఇంట్లో అతను నోరు తెరిచేలోపే పెళ్ళాం ఎర్మెలిందా ఆ మాటా, దానికి జవాబూ కూడా చెప్పేసేది. కొండ మీద మాత్రం అతను వేలు పెదవుల మీద పెట్టి "ష్!" అంటే దేశదేశాల వాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. ఆ "ష్" కోసమే అతను గైడయ్యాడని నా అనుమానం. ఆకుల్లో చుట్టిన మొక్కజొన్న ముద్దలు మోసుకుంటూ వెనకాల నడిచేదాన్ని కాబట్టి, అలా అన్నప్పుడు అతని మొహం ఎలా వెలిగేదో నాకు తెలుసు.

ఆ ఏడు మొదటి గుంపు ఉత్త చేతులతో దిగొచ్చింది. రెండో గుంపు కూడా. దారి మిల్లు పక్కనుంచే. మిల్లు దగ్గర పిండి గిన్నెలతో ఆడవాళ్ళు.

"ఏం క్రిసాంతో, పిట్ట రాలేదా? పాపం, చలి రాత్రులు కదూ!"

"ఏలకుల షెడ్డులో పడుకున్నానమ్మా! కొండ మీద ఒట్టు!"

"కొండ మీద ఒట్టెయ్యకు నాయనా, ఆయన వింటున్నాడు."

ఎర్మెలిందా పిండి గిన్నె కింద పెట్టింది. "నోళ్ళు ముయ్యండే! నేనే షెడ్డుకు బయట నుంచి గొళ్ళెం పెట్టా!"

"బయట పెడితే తీసేది కూడా నువ్వేగా వదినా!"

ఎందుకు నవ్వుతున్నారని కెమెరా మెళ్ళో వేసుకున్న ఒకావిడ అడిగింది. "వాన గురించి" అన్నాడు క్రిసాంతో, చెవులు టోపీ రంగుకు తిరుగుతుండగా. పాపం, ఆ రెండు సార్లూ అతను నిజంగానే షెడ్డులో పడుకున్నాడు. ఎలకలు టోపీ అంచు కొరికాయి కూడా.

కమిటీ కూర్చుంది. ఎర్మెలిందా అన్న అర్నుల్ఫో గొంతు సవరించుకున్నాడు.

"బావా, నువ్వు నా చెల్లెలి మొగుడివి, నీ గుట్టు నేనడగను. కానీ నా పెళ్ళాం పోయి ఏళ్ళయింది. నియమం తప్పుదామన్నా నాకు కుదరదు. గైడు పని నాకిచ్చేయండి."

ఇంతకంటే మంచి అర్హత ఎవరు చూపిస్తారు? అందరూ తలలూపారు. మాకిన్ తాత మాత్రం క్రిసాంతో వంక జాలిగా చూశాడు. "ఇంకొక్క గుంపు. ఈసారీ పిట్ట రాకపోతే అర్నుల్ఫోనే. నువ్వు ఏలకులు కోసుకో."

క్రిసాంతో ఆ పూటే దుప్పటి తీసుకుని షెడ్డులోకి మకాం మార్చాడు. ఎర్మెలిందా అన్నం కూడా గుమ్మం బయటే పెట్టి, తలుపు తట్టి వచ్చేసేది. ఆఖరి సాయంత్రం వాన పట్టుకుంది. షెడ్డు కప్పు రేకు గాలికి లేచిపోయింది. "తడిసి చస్తావు, లోపలికి రా! పొయ్యి దగ్గర ముడుచుకో, నీ జోలికొస్తే ఒట్టు!" అన్న ఎర్మెలిందా కేక నాకు వినపడింది. మా ఇళ్ళ మధ్య గోడ చెక్కలది. ఆ తర్వాత నేను నిద్రపోయాను. ఎవరడిగినా ఇదే చెప్పాను.

తెల్లారి కొండెక్కుతుంటే క్రిసాంతో నడక చూడాలి. రోజూ మేకపిల్లలా ఎగిరేవాడు దొంగకోడిని చంకలో పెట్టుకున్నవాడిలా ఉన్నాడు. ప్రతి మలుపులోనూ ఆగి ఏదో గొణిగాడు. దగ్గరకెళ్ళి విన్నాను. "దొరా, తప్పయింది. కప్పు ఎగిరిపోయింది, నువ్వూ చూశావు. వాన కూడా నీదే కదా!"

అడవి అవకాడో చెట్టు కింద నిలబడ్డాం. ఈసారి "ష్" అనడానికి కూడా అతనికి నోరు రాలేదు. అప్పుడొచ్చింది మహానుభావుడి సవారీ. మగపిట్ట, పూర్తి తోకతో, చేతికందేంత కిందికొమ్మ మీద వాలింది. కాయ మింగింది, ఒళ్ళు దులుపుకుంది, ఇటు తిరిగింది, అటు తిరిగింది, రెట్ట వేసింది. టూరిస్టులు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. క్రిసాంతో మాత్రం పాలిపోయిన మొహంతో శిలువ గుర్తు వేసుకున్నాడు.

ఊరంతా ఎదురొచ్చింది. మాకిన్ తాత అతని భుజం మీద చెయ్యేసి కుర్రకారుకు ఉపన్యాసమిచ్చాడు: "చూశారా! మగాడు మనసు బిగబట్టుకుంటే ఎంత పనవుతుందో!" అర్నుల్ఫో మాడిన మొహంతో బూట్లు చూసుకున్నాడు.

"పాపం ఎర్మెలిందా, ఒంటరిగా ఎన్ని రాత్రులు పడుకున్నావో తల్లీ" అంది మిల్లు దగ్గరావిడ. ఎర్మెలిందా అప్పుడే కోకో నోట్లో పోసుకుంది. అదంతా ఆవిడ ముక్కులోంచి బయటికొచ్చింది. పొలమారిందని వీపు తట్టింది నేనే.

మళ్ళీ ఏలకులు ఎండబెట్టే రోజులకు ఎర్మెలిందాకు ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళు పిల్ల ముక్కు చూడలేదు, రంగు చూడలేదు. వేళ్ళు మడుస్తూ వెనక్కి లెక్కపెట్టుకున్నారు. లెక్క తిన్నగా ఆ వాన సాయంత్రానికి వెళ్ళి ఆగింది. తాత కూడా వచ్చాడు, ఆయనా వేళ్ళు మడిచాడు. పిల్ల ఏడుపు అందుకుంది. క్రిసాంతో మూల నిలబడి ఎర్ర టోపీ తీసి రెండు చేతుల్తో పట్టుకున్నాడు, అప్పగించడానికే అన్నట్టు.

"తాతా, మరి నియమం..." అన్నాడు అర్నుల్ఫో.

తాత వంగి పిల్ల మొహం చూశాడు. "కొండదొర, కొండదొర అంటాం గానీ, కొండలో ఆయనా ఉన్నాడు, ఆవిడా ఉంది. ఆ పొద్దున కోళ్ళను వదిలింది ఆవిడై ఉంటుంది." తర్వాత క్రిసాంతో వైపు తిరిగాడు. "టోపీ పెట్టుకో. వచ్చే గుంపుకు నువ్వే వెళ్ళు. ముందు ఆ షెడ్డు కప్పు బాగుచేయించు."

ఆడవాళ్ళ నవ్వుకు పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. క్రిసాంతో వంగి, వేలు పెదవుల మీద పెట్టి, "ష్!" అన్నాడు. పిల్ల లెక్కచెయ్యలేదు. అచ్చం తల్లే.

మర్నాడు అర్నుల్ఫో తల దువ్వుకుని మా గుమ్మంలోకొచ్చాడు. "వదినా, మీ చెల్లెలు కూడా ఒంటరిగానే ఉంటోంది కదా? నా కోసమని కాదు. టూరిజం కోసం అడుగుతున్నా."