తోమిన రాయి

ఎల్‌బీ నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. ఓవర్సీరు గారి కూతురు. "నాన్నగారు పొద్దున పోయారండీ. కాఫీ అడిగారు. నేను తెచ్చేలోగా..." నేను దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్లింటికి వెళ్లేసరికి గుమ్మం పక్కన ఆయన చెప్పులు జతగా ఉన్నాయి. ఏ బావి దగ్గరికి వచ్చినా ఆయన చెప్పులు అలాగే విడిచేవారు.

ఆయన్ని మొదట చూసింది అరవై తొమ్మిది ఎండాకాలంలో. ఇప్పుడు ఎల్‌బీ నగర్ చౌరస్తా ఉన్నచోటికి అవతల అప్పుడన్నీ చెలకలే, మెట్ట పొలాలే. మాకొక మెట్ల బావి ఉండేది. నాన్న లేడు. ఆ బావి కింద అమ్మ పండించే ఆకుకూరలే మా బతుకు. పట్నానికి మంచినీళ్ల పైపు మా చెలక పక్కనుంచే పోతుందన్నారు. తవ్వకం మొదలుకాకముందే ఆ పనికి ఓవర్సీరుగా ఈయన సైకిల్ మీద వచ్చి, బావిలోకి దిగి, దోసెడు నీళ్లు తాగి, నీటి అంచున రాయి మీద ఎర్ర గీత పెట్టారు.

"ఏందయ్యా, మా బాయిని కొలుస్తున్నవ్? మీ దిక్కు మలుపుకపోతవా?" అంది అమ్మ. ఆయన కోస్తా మాట అప్పటికే పట్టేసింది.

"లేదమ్మా. పైపు వేశాక మీ నీళ్లు మీకున్నాయో లేదో చూడొద్దూ?"

పైపుకు దూరంగా ఉన్న ఇంకో బావికి కూడా గీత పెట్టారు. ఎందుకని అడిగితే, పోల్చుకోవడానికి అన్నారు.

ఆయన అటు వెళ్లగానే అమ్మ బావిలోకి దిగి, ఇటుక పొడితో ఆ గీతను తోమేసింది. అంతకుముందు రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఎర్ర గీత పెట్టిన చెట్లన్నీ కొట్టేశారు. గీత పడిందంటే పోయినట్టేనని ఆమె లెక్క.

తర్వాత ప్రత్యేక తెలంగాణ ఉద్యమం పెరిగింది. నేనూ ఊరేగింపుల్లో నడిచాను, దానికి చింత లేదు. కూలీలు చెదిరిపోయారు. సగం తవ్విన కందకం అలాగే ఉండిపోయింది. అది మా బావి నీటి మట్టం కంటే లోతు. పక్కల నుంచి నీరు ఊరి, వాలు పట్టుకుని పోతూనే ఉంది. అమ్మ రోజూ ఇంకో మెట్టు దిగి ముంచుకోవలసి వచ్చేది. తోటకూర మడి ఎండింది.

బంద్ రోజున రోడ్డు మీద మావాళ్లు ఆయన సైకిల్ ఆపారు. "ఏడికి సారూ? మీ ఊరికి పో."

"పోతానండీ. ముందు ఆ కందకం సంగతి చూడాలి."

బావి దగ్గర గీత కోసం వెతికారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తోమేసిన సారూ" అంది.

ఆయన వంగి చూసి నవ్వారు. నాచు పట్టిన రాళ్ల మధ్య తోమిన చోటు తెల్లగా మెరుస్తోంది. "నా రంగు కంటే ఇదే బాగా కనబడుతోందమ్మా."

దూరపు బావి ఎండలకు కాస్తే తగ్గింది. మాది ఆ తెల్లని రాయికి ఎంతో కిందికి పోయింది. ఎండాకాలం ఏ బావైనా దిగుతుందని కొట్టిపారేసిన పై అధికారిని జీపులో తీసుకొచ్చి రెండు బావులూ చూపించారు. కందకానికి అడ్డంగా, ఎడం ఎడంగా బంకమట్టి గోడలు కట్టడానికి ఆ అధికారి ఒప్పుకున్నాడు. పైపు పూడ్చాక కూడా నీరు దాని వెంట పారిపోకుండా ఆపేవి ఆ గోడలే. కానీ కట్టడానికి కూలీలు లేరు.

"బంద్ దుకాండ్లకురా, బాయికి కాదు. తట్టలు పట్టుండ్రి" అని అమ్మ మమ్మల్ని కసిరింది. కుంటలోంచి బండ్ల మీద మట్టి తెచ్చాం. ఓవర్సీరు గారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి మట్టి తొక్కారు.

"తొక్కుడు నీకొస్తదా సారూ?"

"మాది కృష్ణా ఒడ్డమ్మా. పుట్టిందే బురదలో."

ఆ వారం నీళ్లు ఎక్కలేదు. అమ్మ ఆయన్ని రోజూ తిట్టింది. తర్వాత, వానలకు ముందే, ఒక మెట్టు మునిగింది.

"తవ్వేముందు అడిగితే తిడతారు, తవ్వాక అడిగితే ఏడుస్తారు. తిట్లే నయమండీ" అనేవారు ఆయన. రిటైరయ్యాక కూడా ప్రతి ఎండాకాలం వచ్చి, దోసెడు నీళ్లు తాగి, ఆ రాయి వైపు చూసి వెళ్లేవారు. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆయన సైకిల్‌కు పుంటికూర కట్ట తగిలించేది.

"గోంగూర అనండమ్మా."

"నీ ఇంట్ల అనుకో."

ఇప్పుడా బావి ఒక అపార్ట్‌మెంట్ వెనక ఇనుప జాలీ కింద ఉంది. శ్మశానం నుంచి వస్తూ అక్కడ ఆగాను. వానాకాలం కదా, జాలీ తడిగా ఉంది. చెప్పులు విడిచి, వంగి, ఫోన్ లైట్ వేసి వెతికాను. తోమిన రాయి కనబడలేదు. నీళ్లు దాని పైన ఉన్నాయి.